తెలియని రాశికి పెట్టిన పేర్లు

మలేషియా పాఠశాలల్లో కొన్ని దశాబ్దాల క్రిందట బీజగణితం నేర్చుకున్న వారికి 'అను' అనే మలయ్ మాట జ్ఞాపకం ఉంటుంది. సమీకరణంలో విలువ తెలియని రాశిని ఆనాటి పాఠ్యపుస్తకాలు ఆ పేరుతోనే పిలిచేవి. వాడుకలో ఆ మాటకు 'అదేదో', 'ఫలానా' అని అర్థం. పేరు గుర్తుకు రాని మనిషినీ, పేరు చెప్పడానికి మొహమాటపడే వస్తువునూ మలయ్ వారు 'అను' అనే అంటారు. తెలుగు చెవికి మాత్రం అది 'చెప్పు' అన్నట్టు వినిపిస్తుంది. తెలియని రాశిని పట్టుకొని 'నీ విలువ ఏమిటో అను' అని అడిగినట్టు! ఇది కేవలం చెవికి తోచిన వినోదమే, రెండు మాటలకూ చుట్టరికం లేదు. అయినా మా సాయంకాలపు తెలుగు తరగతిలో పిల్లలు ఒకసారి నవ్వడానికి ఇది పనికివచ్చింది.

ఆ తరగతిలోనే ఒక బాలుడు, 'టీచర్, తెలుగు గుడిలో పాడుకోవడానికి మాత్రమేనా? తెలుగులో లెక్కలు ఉన్నాయా?' అని అడిగాడు. వాడి ప్రశ్నలో పొగరు లేదు. వాడు చూసిన తెలుగు అంతవరకే. పూజలో, పెళ్ళిలో, అవ్వ వంటింటిలో. మేము ముప్పై ఏళ్ళకు పైగా గణితం బోధించాము. మొదట మలయ్‌లో, 2003లో ప్రభుత్వ విధానం మారిన తరువాత ఇంగ్లీషులో, తరువాత ఆ విధానం వెనుకకు మళ్ళినప్పుడు తిరిగి మలయ్‌లో. ఒక్క పాఠమైనా తెలుగులో చెప్పిన వారము కాము. మనలో చాలామంది తమిళ పాఠశాలల్లోనో, జాతీయ పాఠశాలల్లోనో చదువుకున్నవారమే. అందువల్ల ఆ బాలునికి ఇచ్చిన జవాబును కొంచెం విస్తరించి ఇక్కడ వ్రాస్తున్నాము. పెద్దలకు కూడా ఆ ప్రశ్న ఉండే ఉంటుంది.

తెలియని దానికి పేరు పెట్టడంతోనే బీజగణితం మొదలవుతుంది. పేరు పెట్టిన తరువాత దానిని తెలిసిన దానివలెనే కూడవచ్చు, తీసివేయవచ్చు, పంచవచ్చు. చివరకు అదే తన విలువను బయటపెడుతుంది. మన పూర్వులు ఆ రాశిని 'యావత్తావత్' అన్నారు. 'ఎంతో అంత' అని దాని భావం. మలయ్ వారి 'అను'కు ఇది దగ్గరి మాట. తెలియని రాశులు ఒకటి కంటె ఎక్కువైతే రంగుల పేర్లు పెట్టారు: కాలకం నలుపు, నీలకం నీలం, పీతకం పసుపు, లోహితకం ఎరుపు. క్రీ.శ. 1150లో 'బీజగణితం' రచించిన భాస్కరాచార్యుని నాటికి ఈ పేర్ల మొదటి అక్షరాలు మాత్రమే వ్రాయడం అలవాటైంది. యా, కా, నీ అని. తెలిసిన సంఖ్యకు ముందు 'రూ' అని వ్రాసేవారు. అది 'రూపం' అన్న మాటకు పొట్టి. 'యా 3 రూ 5' అంటే నేడు పిల్లలు వ్రాసే మూడు ఎక్స్ ప్లస్ అయిదు. తెలుగు అక్షరాలు నేర్చుకుంటున్న పిల్లవానికి ఇది వ్రాయించి చూడండి. రెండు పాఠాలు ఒకేసారి పూర్తవుతాయి.

ప్రపంచమంతటికీ తెలిసిన 'ఆల్జీబ్రా' అన్న పేరు మాత్రం అరబ్బీది. క్రీ.శ. 820 ప్రాంతంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ వ్రాసిన గ్రంథం పేరులోని 'అల్ జబ్ర్' అన్న మాట అది. విరిగిన దానిని సరిచేసి నిలబెట్టడం దాని అర్థం. స్పానిష్ భాషలో ఎముకలు కట్టే వైద్యుని కూడా ఆ మాట నుండి పుట్టిన పేరుతోనే పిలిచేవారు. సమీకరణంలో ఒక వైపు తీసివేతగా ఉన్న దానిని రెండవ వైపు కూడికగా చేర్చడమే ఈ కట్టు కట్టడం. ఆయన తెలియని రాశిని 'షయ్', అంటే 'వస్తువు' అన్నాడు. దాని వర్గాన్ని 'మాల్', అంటే 'సంపద' అన్నాడు. గుర్తులు లేకుండా అంతా మాటలలోనే నడిపించాడు. ఒక సంపదకు పది మూలాలు కలిపితే 39 అయితే మూలం ఎంత, అన్నది ఆయన ప్రసిద్ధమైన లెక్క. దానిని ఆయన బొమ్మతో విడదీస్తాడు. మూలం భుజంగా ఒక చతురస్రం గీయండి. దాని రెండు ప్రక్కల అయిదేసి వెడల్పున రెండు దీర్ఘచతురస్రాలు అతికించండి. మొత్తం వైశాల్యం 39. ఒక మూల ఖాళీగా మిగులుతుంది, అది అయిదయిదుల 25. దానిని నింపితే 64 అవుతుంది. పెద్ద చతురస్రం భుజం 8, అందులో 5 పోగా మూలం 3. సూత్రం కంఠస్థం చేయించే ముందు ఈ బొమ్మను గీయించిన ఉపాధ్యాయుని పిల్లలు ఎన్నటికీ మరచిపోరని మా అనుభవం.

ఆ మాట ఇటలీకి వెళ్ళి 'కోసా' అయింది. దానికీ అర్థం 'వస్తువు' అనే. 1557లో ఇంగ్లాండులో రాబర్ట్ రికార్డ్ సమానత్వానికి రెండు అడ్డగీతలు గీశాడు. 1591లో ఫ్రాన్సులో వియెట్ అక్షరాలను క్రమంగా వాడాడు, 1637లో దెకార్త్ ఎక్స్, వై, జెడ్‌లను స్థిరపరిచాడు. ఇవన్నీ పాఠ్యపుస్తకాలలో ఉన్నవే. బీజగణితం మనదా, అరబ్బులదా అన్న తగవు మాకు రుచించదు. క్రీస్తుకు పూర్వం సుమారు 1800లోనే బాబిలోనియా వారు మట్టిపలకలపై వర్గసమీకరణాల లెక్కలు చేశారు. ఎవరి భాగం వారిది.

మన భాగం ఎక్కడ బలమైనదో మాత్రం చెప్పుకోవాలి. క్రీ.శ. 628లో భిల్లమాలలో ముప్పై ఏళ్ళ బ్రహ్మగుప్తుడు 'బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం' వ్రాశాడు. అందులోని పదునెనిమిదవ అధ్యాయంలో సున్నకంటె చిన్నవైన సంఖ్యలతో ఎలా వ్యవహరించాలో నియమాలు చెప్పాడు. సున్నకు పైనున్న సంఖ్యకు 'ధనం' అని, క్రిందనున్న దానికి 'ఋణం' అని పేరు పెట్టాడు. రెండు ధనాలు కలిస్తే ధనం. రెండు ఋణాలు కలిస్తే ఋణం. సమానమైన ధనమూ ఋణమూ కలిస్తే శూన్యం. ఋణాన్ని ఋణంతో గుణిస్తే ధనం. సున్నను సున్నతో భాగిస్తే సున్న అని కూడా అన్నాడు, దానిని మాత్రం నేటి గణితం అంగీకరించదు. అల్ ఖ్వారిజ్మీ సమీకరణాలలో ఋణరాశులకు చోటు లేదు, అందువల్ల ఆయన సమీకరణాలను ఆరు రకాలుగా విడగొట్టవలసి వచ్చింది. ఇంగ్లాండులో 1758లో కూడా ఫ్రాన్సిస్ మాసెరెస్ అనే పండితుడు ఋణసంఖ్యలను గణితం నుండి తొలగించాలని ఒక పుస్తకమే వ్రాశాడు. అంటే బ్రహ్మగుప్తుని తరువాత పదకొండు వందల ఏళ్ళకు కూడా!

ఆంధ్రదేశపు పాఠ్యపుస్తకాలలో ఈనాటికీ 'ధన పూర్ణ సంఖ్యలు', 'రుణ పూర్ణ సంఖ్యలు' అనే మాటలే ఉన్నాయి. సాయంకాలపు తరగతి కోసం అటువంటి పుస్తకం ఒకటి మొదటిసారి చేతికి వచ్చినప్పుడు మేము ఆ పుటపై చాలాసేపు ఆగిపోయాము. ఎన్నో ఏళ్ళుగా పిల్లలకు 'నెగతిఫ్' అని చెప్పిన దానికి మన భాషలో పేరు 'అప్పు'. ఆ మాట మన కుటుంబాలకు పుస్తకంలోని మాట కాదు.

మా ముత్తాతగారు ఒప్పందపు కూలీగా విశాఖపట్నం వైపు నుండి ఈ దేశానికి వచ్చినవారు. ఒప్పందపు కూలీకి ఓడ ప్రయాణపు ఖర్చు ముందుగా ఇచ్చేవారు. తోటకు చేరిన తరువాత దానిని కూలిలో కోసుకొనేవారు. అంటే దేశం కాని దేశంలో మనిషి పేరిట వ్రాసిన మొదటి అంకె సున్నకు క్రిందనే ఉన్నది. ఒక్క రోజైనా పని చేయక ముందే ఆ అంకె ఉన్నది. ఆ పద్ధతిలో కూలీలను చేర్చుకోవడం 1910లో ఆగిపోయింది. చెక్‌రోలులో తన పేరు ఎక్కడున్నదో ముత్తాతగారు చదవలేరు. కాని సున్నకు ఎంత క్రింద ఉన్నారో, ఎన్ని నెలలకు సున్నకు చేరతారో ఆయనకు వేళ్ళపై తెలుసునని మా నాయనమ్మ చెప్పేది. లెక్క కోసం ఇలా అనుకుందాం. అప్పు 24 డాలర్లు, నెలకు కోత 2 డాలర్లు. పన్నెండు నెలలకు శూన్యం. ఇది కూడిక. ఇప్పుడు పిల్లలను తికమకపెట్టే గుణకారం చూడండి. నెలకు 2 డాలర్ల చొప్పున 12 నెలలు ఖాతాలో అప్పు వ్రాశారు. ఆ పన్నెండు వ్రాతలనూ కొట్టివేశారు. కొట్టివేయడం ఒక ఋణం, కొట్టివేయబడింది ఒక ఋణం. మనిషికి కలిగినది 24 డాలర్ల మేలు, అంటే ధనం. 'మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకు?' అని ప్రతి ఏడాదీ ఏదో ఒక తరగతిలో ఎవరో ఒకరు అడుగుతూనే వచ్చారు. తోట ఖాతా కంటె మంచి జవాబు మాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఒక విచిత్రం కూడా చెప్పాలి. 1881లో పెషావరు సమీపంలోని బక్షాలీలో భూర్జపత్రాలపై వ్రాసిన ఒక గణిత గ్రంథం బయటపడింది. అందులో ఋణసంఖ్య ప్రక్కన ఉండే గుర్తు నేటి కూడిక గుర్తును పోలి ఉంటుంది. భాస్కరుని సంప్రదాయంలో సంఖ్యపై ఒక చుక్క పెడితే ఋణం. ఈ గుర్తులు చూపితే పిల్లలు మొదట గందరగోళపడతారు, తరువాత గుర్తు అనేది ఒక ఒప్పందం మాత్రమేనని గ్రహిస్తారు.

ఇక ఆ బాలుని అసలు ప్రశ్నకు వద్దాం. తెలుగులో లెక్కలు ఉన్నాయా? ఉన్నాయి. అవి తెలుగు కావ్యమంత పాతవి. పదకొండవ శతాబ్దంలో నన్నయ రాజమహేంద్రవరంలో భారతాన్ని తెలుగు చేశాడని మన పిల్లలకు మొదటి ఏడాదే చెబుతాము. ఆ శతాబ్దానికే చెందిన వాడుగా చెప్పే పావులూరి మల్లన తెలుగులో గణితాన్ని పద్యాలుగా వ్రాశాడు. 'సారసంగ్రహ గణితము' అన్న ఆ గ్రంథాన్ని తెలుగులో తొలి గణిత గ్రంథంగా ఎంచుతారు. దానికి మూలం మహావీరాచార్యుడు సంస్కృతంలో వ్రాసిన 'గణితసారసంగ్రహం'. మహావీరుడు తొమ్మిదవ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో కన్నడ సీమలో జీవించిన జైనుడు. ఆయన గ్రంథంలో తొమ్మిది అధ్యాయాలు, వెయ్యికి పైగా శ్లోకాలు ఉన్నాయి. భిన్నాలు, వడ్డీ, మిశ్రమాలు, గోతుల కొలతలు, నీడల లెక్కలు, తెలియని రాశిని కనుగొనే సమస్యలు, అన్నీ అందులో ఉన్నాయి. ఋణసంఖ్య స్వభావం చేతనే వర్గం కాదు గనుక దానికి వర్గమూలం లేదని ఆయన స్పష్టంగా చెప్పాడు. మద్రాసులో ఎం. రంగాచార్య ఆ గ్రంథాన్ని ఇంగ్లీషు అనువాదంతో 1912లో ప్రకటించిన తరువాత బయటి ప్రపంచానికి అది బాగా తెలిసింది.

మల్లన దానిని ఉన్నది ఉన్నట్టు తెలుగులో దింపలేదు. మా దృష్టిలో ఆయన గొప్పతనం అక్కడే ఉన్నది. మూలంలోని లెక్కలలో జినుని పూజలు, జైన ఆలయాలు వస్తాయి. మల్లన శైవుడు. ఆ చోట్ల ఆయన శివుణ్ణి తెచ్చాడు. లెక్క అదే, లోకం వేరు. చదివే వాడు తన ఊరి గుడిలో, తనకు తెలిసిన పూజలో ఆ లెక్కను చూస్తాడు. కొన్నిటిని కుదించాడు, కొన్ని కొత్తవి చేర్చాడు. ఉపాధ్యాయుడు చేయవలసిన పని అదే.

చదరంగపు గళ్ళ లెక్కను చెప్పే పద్యం ఒకటి మల్లన పేరుతో ప్రసిద్ధంగా ఉన్నది. మొదటి గడిలో ఒక గింజ, రెండవ దానిలో రెండు, మూడవ దానిలో నాలుగు, ఇలా అరవై నాలుగు గళ్ళలోనూ రెట్టింపు చేస్తూ పోతే మొత్తం ఎంత? 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెల సంఖ్య. దీనిని పద్యంలో ఇమిడ్చే ఉపాయం చూడదగినది. ఆకాశం అంటే సున్న, చంద్రుడు అంటే ఒకటి, అగ్ని అంటే మూడు, వేదం అంటే నాలుగు, బాణం అంటే అయిదు, కొండ అంటే ఏడు, ఏనుగు అంటే ఎనిమిది. ఈ మాటలను ఒకట్ల స్థానం నుండి ఎడమకు పేర్చుకుంటూ పోతారు. అర్థమూ, ఛందస్సూ, అంకెలూ ఒకదానిలో ఒకటి ఒదుగుతాయి. మా తరగతిలో పిల్లలు తమ ఇంటి నంబర్లను ఈ పద్ధతిలో చెప్పే ఆట ఆడారు. 'బాణ చంద్ర అగ్ని' అంటే 315.

ఆ మొత్తం కనుగొనడానికి అరవై నాలుగు సంఖ్యలు కూడనక్కరలేదు. ఒక్క గింజ అప్పు తెచ్చుకొని మొదటి గడిలో వేయండి. అక్కడ రెండు అవుతాయి. అవి రెండవ గడిలోని రెండుతో కలిసి నాలుగు. మూడవ గడిలోని నాలుగుతో కలిసి ఎనిమిది. ఇలా ఒక్కొక్క గడి దాటినప్పుడల్లా రెట్టింపు అవుతూ పోయి, చివర అరవై అయిదవ గడిలో ఉండవలసిన సంఖ్య వస్తుంది. తెచ్చిన గింజను తిరిగి ఇచ్చివేయండి. మిగిలినదే జవాబు.

మల్లన చూపిన దారిలో మేమూ ఒక లెక్క కట్టాము. హిలిర్ పెరాక్‌లోని ఒక కొబ్బరి తోటలో అవ్వ రాశి పోసిన కాయలలో మూడవ వంతు ఎండబెట్టడానికి పోయింది, నాలుగవ వంతు సంతకు పోయింది, 50 కాయలు మిగిలాయి. రాశి ఎంత? నేటి విద్యార్థి ఎక్స్ అనుకుంటాడు. భాస్కరుని 'లీలావతి'లో దీనికి 'ఇష్టకర్మ' అనే దారి ఉన్నది. నీకు నచ్చిన సంఖ్య ఒకటి అనుకో. 12 అనుకుందాం. మూడవ వంతు 4, నాలుగవ వంతు 3 పోగా మిగిలింది 5. కాని మిగలవలసింది 50, అంటే పది రెట్లు. కనుక రాశి పన్నెండుకు పది రెట్లు, 120. మా నాయనమ్మ ఇటువంటి లెక్కలు ఇలాగే చేసేది. ఆమె బడికి వెళ్ళలేదు. 'ముందొక పన్నెండనుకో, ఆపైన చూద్దాం' అనేది. అది బీజగణితమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మనం నివసించే ఈ నేల కూడా ఈ కథకు పరాయిది కాదు. సుమత్రాలోని పాలెంబాంగులో దొరికిన కెదుకాన్ బుకిత్ శాసనం ప్రాచీన మలయ్ భాషలో, పల్లవ లిపిలో ఉన్నది. మన తెలుగు లిపి వలె ఆ లిపి కూడా బ్రాహ్మి సంతతిదే. అందులో శక సంవత్సరం 605 అని అంకెలలో వ్రాశారు, క్రీ.శ. 683 ప్రాంతం. ఆరుకూ అయిదుకూ నడుమ సున్న ఉన్నది. ప్రపంచంలో తేదీతో దొరికిన అతి పాత సున్నలలో అది ఒకటి. నేటి మలయ్‌లోనూ ఆ పూర్వ సంబంధం నిలిచి ఉన్నది. అంకెను 'ఆంగ్కా' అంటారు, అది మన 'అంకం'. భాగించడం 'బహాగి', అది మన 'భాగం'. గుణకారానికి మాత్రం అరబ్బీ నుండి వచ్చిన 'దరబ్'. సున్నకు 'సిఫార్' అనేదీ అరబ్బీయే, అయితే అరబ్బులు ఆ మాటను మన 'శూన్యం' అర్థంతోనే వాడారు. మన 'లక్ష' ఇక్కడికి వచ్చి 'లక్సా' అయి, ఎందుకో పదివేలకు తగ్గింది. తినే లక్సా సంగతి వేరు.

కాబట్టి ఇంట్లో పిల్లలు పాఠశాల లెక్కలు చేసుకుంటున్నప్పుడు తల్లిదండ్రులు నాలుగు మాటలు తెలుగులో కలపవచ్చు. ఈక్వేషన్ సమీకరణం, వేరియబుల్ చలరాశి, కోఎఫిషియెంట్ గుణకం, నెగటివ్ ఋణం. పరీక్షలో ఇవి వ్రాయనక్కరలేదు. ఇంట్లో అనుకుంటే చాలు.

వచ్చే తరగతికి పిల్లలు చేసి తేవలసిన లెక్క ఇది. అమ్మమ్మ వయస్సు 68, అమ్మ వయస్సు 40. ఇంకా ఎన్నేళ్ళకు అమ్మమ్మ వయస్సు అమ్మ వయస్సుకు సరిగ్గా రెట్టింపు అవుతుంది? తెలియని దానిని 'యా' అనుకొని సమీకరణం వ్రాయండి. జవాబు ఋణంగా వస్తే కొట్టివేయవద్దు. అది ఏ ఏడాదిని చూపుతున్నదో అమ్మమ్మను అడిగి, ఆ ఏడాది ఇంట్లో ఏమి జరిగిందో తెలుగులో రెండు వాక్యాలు వ్రాసుకొని రండి.